పొడి అడవిలో చెట్లను గాలిలోంచి రాలే నత్రజని పెంచుతుందా?

#1 తొలకరి

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఒక ప్రశ్న బుర్రలో తిరుగుతోంది. పొలంలో యూరియా చల్లితే పైరు ఏపుగా పెరుగుతుంది. వాహనాల పొగ, బొగ్గు మండించే పొగ, పశువుల పేడ, మూత్రం, పొలాల్లో వేసిన ఎరువు, వీటన్నిటినుంచీ నత్రజని గాలిలో కలిసి, మళ్లీ వానతోనో దుమ్ముతోనో కిందికి వస్తుంది కదా. అది అడవి మీద కూడా పడుతుంది. అంటే ఎవరూ చల్లకుండానే అడవికి ఎరువు అందుతున్నట్టు. మరి చెట్లు లావెక్కాలి కదా?

ముఖ్యంగా వానలకు చిగురించి ఎండల్లో ఆకు రాల్చే పొడి అడవుల్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలని ఉంది. చల్లటి దేశాల అడవుల గురించి, ఏడాదంతా తడిగా ఉండే అడవుల గురించి చాలా సమాచారం దొరికింది. వీటి గురించి తక్కువే కనిపించింది. కాలుష్యం అంటే చెట్టును చంపేదే అనుకుంటాం. పెంచే కాలుష్యం కూడా ఉంటుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

#2 వేరుమూలం

తొలకరి గారూ, ముందు ఎంత పడుతోందో చూద్దాం. మనిషి ప్రమేయం లేనప్పుడు గాలినుంచి హెక్టారుకు ఏడాదికి అర కిలో నత్రజని పడేది, చాలాచోట్ల అదీ ఉండేది కాదు. ఇప్పుడు ప్రపంచంలో విశాలమైన ప్రాంతాల్లో అది 10 కిలోలు దాటింది. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి చూపించాడు. 1913లో జర్మనీలోని ఒప్పావులో కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. ఇవాళ ఏటా 10 కోట్ల టన్నులకు పైగా నత్రజని ఎరువుల రూపంలో పొలాల్లోకి పోతోంది. అందులో పైరుకు అందేది సగానికి అటూ ఇటూ. మిగిలింది నీళ్లలోకి, గాలిలోకి పోతుంది.

గాలిలోకి పోయే నత్రజనిలో రెండు రకాలు గుర్తుపెట్టుకోవాలి. పొలాలు, పశువుల కొట్టాల నుంచి వచ్చే అమ్మోనియా చాలావరకు దగ్గర్లోనే పడిపోతుంది. అందుకే పొలాలను ఆనుకున్న అడవి అంచుల మీద దాని భారం ఎక్కువ. ఇంజన్లు, బాయిలర్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం చాలా దూరం పోతాయి.

ఇక మీరు అడిగిన పొడి అడవులు. ఏడాదికి సుమారు 250 నుంచి 2000 మిల్లీమీటర్ల వాన, కొన్ని నెలలపాటు చినుకు లేని ఎండ, ఏడాది మొత్తం మీద పడే వాన కన్నా ఆవిరి కాగల నీరే ఎక్కువ. మామూలుగా వీటికి చెప్పే లక్షణం ఇది. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. నీళ్లు లేని నెలల్లో నత్రజని ఎంత ఉన్నా చెట్టు దాన్ని వాడుకోలేదు. మట్టిలోని పోషకం నీళ్లలో కరిగి వేరు దాకా రావాలి, ఆకుల్లోని పత్రరంధ్రాలు తెరుచుకోవాలి. తేమ లేకపోతే ఈ రెండూ ఆగిపోతాయి.

#3 నల్లరేగడి

పొలం పనిలో ఉన్నవాడిగా ఒక మాట. యూరియా మోతాదు మించితే పైరు పచ్చగా ఏపుగా కనిపిస్తుంది గానీ కాండం మెత్తబడి పడిపోతుంది, పురుగూ ఎక్కువే పడుతుంది. పచ్చదనం చూసి మురిసిపోకూడదని అనుభవం ఉన్న రైతులందరికీ తెలుసు. అడవి చెట్లలో కూడా ఇలాంటిది ఏమైనా కనిపిస్తుందా?

#4 వేరుమూలం

కనిపిస్తుంది నల్లరేగడి గారూ. నత్రజని ఎక్కువ అందిన మొక్క ఆకుల్లో మాంసకృత్తులు పెరుగుతాయి. ఆకు తినే పురుగులకు కావలసింది అదే. మీరు చెప్పిన మెత్తదనం కన్నా పొడి అడవిలో నన్ను ఎక్కువ భయపెట్టేది వేర్ల సంగతి. పోషకం సులువుగా దొరికితే మొక్క తన సంపాదనలో ఎక్కువ భాగం కొమ్మలు, ఆకుల మీద పెడుతుంది, వేర్ల మీద తక్కువ పెడుతుంది. లేత మొక్కల్లో ఇది బాగా తెలుస్తుంది. వానలున్నన్ని రోజులూ ఇబ్బంది ఉండదు. ఎండాకాలం వచ్చేసరికి పైన నీరు ఖర్చుచేసే ఆకులు ఎక్కువ, కింద నీరు వెతికే వేర్లు తక్కువ. పొడి అడవిలో మొలక బతుకు తేలేది మొదటి వేసవిలోనే.

ఇంకొకటి. ఈ అడవుల్లో చాలా లేత మొక్కలు నిప్పుకు కాలిపోయినా, జంతువులు మేసేసినా మళ్లీ వేరు నుంచి చిగురిస్తాయి. ఆ చిగురుకు పెట్టుబడి వేర్లలో దాచుకున్న పిండిపదార్థమే. అక్కడ నిల్వ తగ్గితే మళ్లీ లేచే శక్తి తగ్గుతుంది.

#5 కార్బన్‌లెక్క

నేను కొంచెం ఎదురు వాదిస్తాను. ఉష్ణమండల అడవులు గాలిలోని కార్బన్‌ను ఎంత పీల్చగలవన్న లెక్కల్లో పోషకాల కొరత పెద్ద అడ్డంకి. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నా పోషకాలు చాలక చెట్లు దాన్ని పూర్తిగా వాడుకోలేకపోతున్నాయంటారు. అలాంటప్పుడు గాలినుంచి పడే నత్రజని ఆ కొరతను కొంత తీరుస్తుంది కదా. ఉత్తరాన చల్లటి అడవుల్లో నత్రజని పడ్డచోట చెట్ల పెరుగుదల పెరిగినట్టు కొలతలున్నాయి. పొడి అడవులకు మాత్రం లాభం ఉండదని ముందే ఎలా తేల్చేస్తాం? మొలకల సంగతి పక్కన పెట్టి, నిలబడి ఉన్న పెద్ద చెట్ల మీద కొలతలు ఉంటే చెప్పండి.

#6 మధుమతి

కార్బన్‌లెక్క గారూ, మీరడిగిన కొలతలు ఉన్నాయి. కోస్తారికాలోని గ్వానకాస్తే ప్రాంతంలో, ఒకప్పుడు నరికేసి మళ్లీ పెరుగుతున్న పొడి అడవిలో, బోనీ వేరింగ్, జెన్నిఫర్ పవర్స్ అనే పరిశోధకుల బృందం నిలబడి ఉన్న అడవికే ఎరువు వేసి చూసింది. కొన్ని మడులకు నత్రజని, కొన్నిటికి భాస్వరం, కొన్నిటికి రెండూ, కొన్నిటికి ఏమీ లేదు. ఆకులు ఎంత వచ్చాయి, కాండాలు ఎంత లావయ్యాయి, సన్నవేర్లు ఎంత పెరిగాయి అన్నీ కొలిచారు. ఫలితాలు 2019లో వచ్చాయి.

అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చింది ఎరువు కాదు, ఆ ఏటి వాన. కరువు పడ్డ ఏడాది అన్ని మడుల్లోనూ పెరుగుదల పడిపోయింది. మొత్తం అడవి లెక్కన చూస్తే నేలపైన ఉత్పత్తి ఎరువు వల్ల పెద్దగా పెరగలేదు. వానలు బాగా పడ్డ ఏడాది మాత్రం ఎరువు అందిన చెట్లు విడివిడిగా చూస్తే ఎక్కువ లావయ్యాయి. భాస్వరం వేసిన మడుల్లో ప్రతి ఏడూ వేర్లు బాగా పెరిగాయి. గాలిలోని నత్రజనిని పట్టి వాడుకోగల, అంటే స్థిరీకరించే పప్పుజాతి చెట్లయితే భాస్వరం అందగానే కాండం పెరుగుదల రెండింతలైంది, ఆ పని జరిగే వేరు బుడిపెలు విపరీతంగా పెరిగాయి.

అందుకే "పోషకం పడితే అడవి పెరుగుతుందా" అని ఒక్క ప్రశ్నగా అడిగితే జవాబు తేలదు. ఏ పోషకం, ఏ చెట్టుకు, ఎలాంటి వాన పడ్డ ఏడాది అని అడగాలి.

#7 తొలకరి

చాలా బాగా చెప్పారు మధుమతి గారూ. కానీ ఒకటి అర్థం కాలేదు. నేను నత్రజని గురించి అడిగాను, అక్కడ ఎక్కువ పని చేసింది భాస్వరం. గాలినుంచి భాస్వరం కూడా పడుతుందా?

#8 వేరుమూలం

నత్రజని లాగా భాస్వరం వాయువుగా ఎగరదు. దుమ్ముతో, బూడిదతో వస్తుంది. సహారా ఎడారి దుమ్ము అట్లాంటిక్ దాటి ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరాన్ని అమెజాన్ మీద పోస్తుందని ఉపగ్రహాల లెక్క. అడవులు, పంట కోతల తర్వాత మిగిలిన గడ్డి తగలబెట్టినప్పుడు లేచే బూడిదలో కూడా ఉంటుంది. పొలాల నుంచి, మురుగు నుంచి వచ్చే నీరు వాగుల గట్ల మీది చెట్లకు భాస్వరం తెస్తుంది. మొత్తం మీద చూస్తే మనిషి అడవి మీదికి పంపే నత్రజని చాలా ఎక్కువ, భాస్వరం తక్కువ. ఈ నిష్పత్తి చెడడమే అసలు గొడవ. నత్రజని పెరిగేకొద్దీ చెట్టుకు భాస్వరం కొరత ఇంకా బిగుసుకుంటుంది. కొంతవరకు చెట్టు సర్దుకుంటుంది. మట్టిలో సేంద్రియ రూపంలో ఉన్న భాస్వరాన్ని విడదీసే ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును వేర్లు వదులుతాయి. ఆ ఎంజైము తయారీకి నత్రజని కావాలి, కాబట్టి అదనపు నత్రజనిలో కొంత ఇలా భాస్వరం సంపాదనకు పోతుంది. అయితే మట్టిలో సేంద్రియ భాస్వరం కూడా అంతంతే ఉన్నచోట ఈ దారి త్వరగానే మూసుకుపోతుంది.

మట్టిని బట్టి కథ మారుతుందని కూడా మరచిపోవద్దు. మెక్సికోలోని యుకటాన్‌లో నేల సున్నపురాయి. సున్నం భాస్వరాన్ని పట్టేసుకుంటుంది. అక్కడ మళ్లీ పెరుగుతున్న పొడి అడవుల్లో భాస్వరం వేసి చూసినప్పుడు కాండాల పెరుగుదల మెరుగుపడింది.

#9 నేరేడు

ఈ చర్చ చదువుతుంటే ఒక సందేహం. పప్పుజాతి చెట్లు తమ నత్రజని తామే తయారుచేసుకుంటాయి కదా. మరి గాలినుంచి ఉచితంగా పడితే వాటికి లాభమా నష్టమా?

#10 మధుమతి

నేరేడు గారూ, పొడి అడవులకు సంబంధించి నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది. కొంచెం నిడివిగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

రైజోబియం బాక్టీరియాకు బుడిపెల్లో చోటిచ్చి, చక్కెర ఇచ్చి, బదులుగా నత్రజని తీసుకోవడం చెట్టుకు ఖరీదైన పని. మట్టిలో నత్రజని దొరికినప్పుడు చాలా చెట్లు ఆ ఖర్చు తగ్గించేస్తాయి, బుడిపెలు తగ్గిపోతాయి. అందువల్ల నత్రజని కాలుష్యం పప్పుజాతి చెట్టును విషంలా చంపదు. పక్క చెట్ల మీద దానికున్న ఆధిక్యతను పోగొడుతుంది. పేద నేలలో తను ఒక్కతే నత్రజని సంపాదించగలిగినప్పుడు అది పోటీలో ముందుంటుంది. అందరికీ పైనుంచి నత్రజని పడుతున్నప్పుడు ఆ సామర్థ్యానికి విలువ తగ్గిపోతుంది.

పొడి అడవుల్లో ఇది చిన్న విషయం కాదు. అమెరికా ఖండాల ఉష్ణమండలంలో తడి అడవులకన్నా పొడి అడవుల్లోనే పప్పుజాతి చెట్ల వాటా ఎక్కువ. నరికిన చోట మళ్లీ లేస్తున్న పొడి అడవిలో అయితే మరీ ఎక్కువ. వాటిలో చాలావాటికి చిన్న చిన్న రెక్కాకులుంటాయి, ఎండలో నీటి ఖర్చును బాగా అదుపులో పెట్టుకుంటాయి. ఇలాంటి చెట్లు వెనకబడితే పెరుగుదలతోపాటు కరువును తట్టుకునే గుణం కూడా ఆ అడవిలో తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. కాయ చూసి ప్రతి పప్పుజాతి చెట్టూ నత్రజని స్థిరీకరిస్తుందనుకోవద్దు. చింత, రేల, దేవకాంచనం పప్పుజాతివే గానీ వాటి వేర్లకు బుడిపెలు రావు. తుమ్మ, కానుగ, మోదుగలకు వస్తాయి. సర్వే చేసేవాళ్లు వీటన్నిటినీ ఒకే గుంపులో వేస్తే లెక్క తప్పుతుంది.

#11 తొలకరి

చింతకు బుడిపెలు రావని ఇప్పుడే తెలిసింది! ధన్యవాదాలు.

#12 కార్బన్‌లెక్క

మధుమతి గారూ, గ్వానకాస్తే ఫలితాన్ని ఒప్పుకుంటాను. అయితే దాన్ని నేను ఇంకోలా చదువుతాను. వాన బాగా పడిన ఏడాది ఎరువు పనిచేసింది అంటే నీరున్నప్పుడు పోషకం కొరత నిజమే అన్నమాట. వేర్లు పెరిగాయి అంటే కార్బన్ నేలకిందికి పోయింది, అదీ మంచిదే. అలాంటప్పుడు వానలు బాగున్న ప్రాంతాల్లో నత్రజని వల్ల నికరంగా లాభం ఉండొచ్చు.

#13 వేరుమూలం

మీ మొదటి మాట సరైనదే, నీరున్నప్పుడు పోషకం కొరత బయటపడుతుంది. రెండో మాట దగ్గర ఆగుదాం. వేర్లు పెరిగింది భాస్వరానికి, గాలినుంచి పడేది ముఖ్యంగా నత్రజని. పైగా సన్నవేరు కాండంలా దశాబ్దాలు నిలవదు. త్వరగా చచ్చి కుళ్లుతుంది, అందులోని కార్బన్‌లో చాలాభాగం మళ్లీ గాలిలోకే పోతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. ప్రయోగాల్లో వేసే మోతాదు పెద్దది. పనామాలో తడి అడవి మీద 1998 నుంచి నడుస్తున్న గిగాంటే ప్రయోగంలో ఏడాదికి హెక్టారుకు 125 కిలోల నత్రజని వేస్తారు. గాలినుంచి పడేది దానిలో పదో వంతో ఇంకా తక్కువో, కానీ ఏళ్ల తరబడి ఆగకుండా పడుతుంది. కొద్ది ఏళ్ల పెద్ద మోతాదు, దశాబ్దాల చిన్న మోతాదు ఒకే ఫలితం ఇస్తాయని అనుకోకూడదు. చిన్న మోతాదు మెల్లగా మట్టినే మార్చేస్తుంది. మట్టిలో అమ్మోనియం అనేది నైట్రేటుగా మారేటప్పుడు హైడ్రోజన్ అయాన్లు వెలువడతాయి, మట్టి పులుస్తుంది. నైట్రేట్ నీటితో కిందికి దిగిపోతూ కాల్షియం, మెగ్నీషియంలను వెంట తీసుకుపోతుంది. పులుపును చూపే ఉదజని సూచిక (pH) 5 కిందికి దిగితే అల్యూమినియం కరిగి వేర్ల కొసలను దెబ్బతీస్తుంది. పొడి అడవుల నేలల్లో కాల్షియం లాంటివి సాధారణంగా ఎక్కువే కాబట్టి తడి అడవి నేలలకన్నా ఎక్కువకాలం తట్టుకుంటాయి. ఆ నిల్వ మాత్రం తరుగుతూనే ఉంటుంది.

ఎప్పుడు పడుతుంది అన్నది కూడా చూడండి. ఎండాకాలం నెలల్లో నత్రజని దుమ్ములా, వాయువులా ఆకుల్లేని కొమ్మల మీద, ఎండుటాకుల మీద పేరుకుంటుంది. తొలివాన పడగానే అదంతా ఒక్కసారిగా నేలలోకి దిగుతుంది. సరిగ్గా అప్పుడే ఎండిన మట్టి తడిసి, సూక్ష్మజీవులు మేల్కొని, మట్టిలో ఉన్న నత్రజనినీ ఒక్కసారిగా విడుదల చేస్తాయి. 1958లో హెచ్.ఎఫ్. బర్చ్ వివరించాడు కాబట్టి దీన్ని బర్చ్ ప్రభావం అంటారు. చాలా చెట్లకు అప్పటికి సన్నవేర్లు సరిగ్గా రానే లేదు, ఆకులూ పూర్తిగా విచ్చుకోలేదు. చెట్టు అందుకునేలోపే నైట్రేటులో కొంత కిందికి జారిపోతుంది, కొంత నైట్రస్ ఆక్సైడుగా గాలిలోకి పోతుంది. అది కార్బన్ డయాక్సైడు కన్నా ఎన్నో రెట్లు బలంగా భూమిని వేడెక్కించే వాయువు. మీ కార్బన్ ఖాతాలో ఈ పద్దు కూడా రాయాలి.

#14 కార్బన్‌లెక్క

తొలివాన సంగతి నిజంగా ఆలోచించాల్సిందే. నేను చూసిన చాలా కంప్యూటర్ నమూనాల్లో నత్రజనిని ఏడాది మొత్తానికి ఒకే అంకెగా పెడతారు. పొడి అడవికి అలా సరిపోదు.

#15 కొండగాలి

ఇంతసేపూ చెట్ల గురించే మాట్లాడుతున్నారు, గడ్డి మాట ఎవరూ ఎత్తలేదు. అడవి అంచుల్లో పనిచేసినవాళ్లెవరైనా ముందు గడ్డినే చూస్తారు.

తొలివానతో దిగే నత్రజనిని అందరికన్నా ముందు అందుకునేది గడ్డి. దాని వేర్లు పైమట్టిలోనే దట్టంగా ఉంటాయి, తడి తగలగానే లేస్తుంది. చెట్టు మొలక వేరు దిగి ఆకు విప్పేలోపు చుట్టూ గడ్డి మోకాలు దాటుతుంది. నీడ, నీళ్ల పోటీ రెండూ మొలక మీదే. వాన ఆగాక ఆ గడ్డే ఎండి పొయ్యిలో కట్టెలా తయారవుతుంది, నిప్పు పడితే మొలకలన్నీ పోతాయి. నిప్పు పోయాక వెలుతురు పెరిగి మళ్లీ గడ్డే వస్తుంది. ఆఫ్రికా నుంచి తెచ్చిన జరాగువా గడ్డి గ్వానకాస్తేలో చేసింది ఇదే. పశువుల మేత కోసం తెచ్చారు, నిప్పుతో కలిసి అడవిని తిరిగి రానివ్వకుండా చేసింది. అక్కడ పర్యావరణ శాస్త్రవేత్త డేనియల్ జాంజెన్ లాంటివాళ్లు నిప్పును ఆపాకే చెట్లు మళ్లీ లేచాయి. ఉత్తర ఆస్ట్రేలియాలో గాంబా గడ్డి ఇప్పుడు ఇలాగే మంటల్ని పెంచుతోంది. ఇవి నత్రజని కాలుష్యం వల్ల వచ్చాయని నేననను, మనుషులు తెచ్చి పెట్టారు. కానీ అలాంటి గడ్డి ఇప్పటికే ఉన్నచోట నత్రజని పడితే అది మంటకు మరింత మేత.

పెద్దచెట్టు చుట్టుకొలతలో మిల్లీమీటర్లు లెక్కపెడుతూ ఉంటాం. పదేళ్ల తర్వాత చూస్తే కింద ఒక్క పిల్లచెట్టు ఉండదు. నా దృష్టిలో పోషక కాలుష్యం చేసే అతి పెద్ద నష్టం ఇదే.

#16 నేరేడు

కొండగాలి గారూ, మాకు పనికొచ్చే మాట చెప్పారు. మేము కొందరం కలిసి పాడైపోయిన పొడి అడవి నేలలో మొక్కలు నాటుతున్నాం. గుంతలో ఎరువు వేయమని కొందరు, వద్దని కొందరు. ఏం చేయమంటారు?

#17 కొండగాలి

నత్రజని ఎరువు పైన చల్లొద్దు. చల్లితే మీరు పెంచేది గడ్డినే. మొదటి రెండు మూడు వానాకాలాలు మొక్క చుట్టూ గడ్డి తీసి, తీసిన గడ్డినే మల్చింగ్‌గా పరవండి. పరిచినదాన్ని కాండానికి ఆనకుండా కొంచెం ఎడంగా ఉంచండి. నిప్పు రాకుండా గడ్డి చెక్కేసిన ఖాళీ పట్టీతో ఫైర్‌లైన్ గీయండి. నా అనుభవంలో ఎరువు కన్నా ఈ పనులే మొక్కను నిలబెట్టాయి.

#18 మధుమతి

దానికి నేను ఒక్కటి కలుపుతాను. మట్టి పరీక్షలో భాస్వరం మరీ తక్కువని తేలితే, బుడిపెలు వచ్చే పప్పుజాతి మొక్కలకు మాత్రం గుంత అడుగున కొద్దిగా భాస్వరం ఇవ్వచ్చు. పైన చల్లితే గడ్డికి పోతుంది, అడుగున పెడితే వేరుకు అందుతుంది. ఇంకా ముఖ్యం, దగ్గర్లోని ఆరోగ్యంగా ఉన్న అడవినుంచి గుప్పెడు మట్టి తెచ్చి నర్సరీ సంచిలో కలపండి. అందులో రైజోబియం, మైకోరైజా శిలీంధ్రాలు రెండూ ఉంటాయి. మైకోరైజా పోగులు వేరు చేరలేని సందుల్లోంచి భాస్వరం తెచ్చిపెడతాయి. ఎరువు దండిగా ఉన్న నర్సరీ మొక్కలు ఈ స్నేహాన్ని సరిగ్గా పెంచుకోవు, పొడి నేలలో నాటాక తడబడతాయి. పచ్చగా పొడుగ్గా ఉన్న మొక్కను కాకుండా కాండం లావుగా, వేరు బాగా ఉన్న మొక్కను ఎంచుకోండి.

#19 నల్లరేగడి

పొలం వైపు నుంచి కూడా చేయగలిగింది ఉంది. యూరియాను నేల పైపైన, ఎండలో చల్లి వదిలేస్తే అందులో కొంత అమ్మోనియాగా ఎగిరిపోతుంది. మట్టిలో కలిపితే, లేదా చల్లిన వెంటనే తడి ఇస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది. ఒకేసారి కాకుండా దఫాలుగా వేస్తే మోతాదే తగ్గించుకోవచ్చు. పేడ కుప్పలు కప్పి ఉంచినా అంతే. అడవి అంచున పొలాలున్నవాళ్లు ఇవి పాటిస్తే ఎరువు పంటకే మిగులుతుంది, అడవిమీద పడేది తగ్గుతుంది.

#20 తొలకరి

మరో ప్రశ్న. ఇదంతా ఇప్పటి ప్రయోగాల మాట. గత యాభై అరవై ఏళ్లలో నిజమైన అడవుల్లో నత్రజని పెరిగిందని ఎలా చెప్పగలం? అప్పట్లో ఎవరూ కొలవలేదు కదా.

#21 మధుమతి

చెట్లే దాచిపెట్టుకున్నాయి. హెర్బేరియంలో ఎండబెట్టి దాచిన పాత ఆకుల్లో, చెట్ల వార్షిక వలయాల్లో నత్రజని ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న దాని రూపాల నిష్పత్తి కొలవచ్చు. బరువైన నత్రజని-15 వాటా పెరిగితే, ఆ అడవిలో నత్రజని మిగులుగా ఉండి తేలికైన ఐసోటోపు నైట్రేటుగా, వాయువుగా కారిపోతోందని అర్థం. 2011లో పీటర్ హీట్జ్ బృందం పనామాలో 1968 నాటి ఆకులను, దాదాపు నలభై ఏళ్ల తర్వాతి ఆకులను పోల్చింది. థాయ్‌లాండ్‌లోని హువాయ్ ఖా ఖేంగ్ అడవి చెట్ల వలయాలనూ చూసింది. రెండు చోట్లా నత్రజని-15 పెరిగింది, పనామా ఆకుల్లో నత్రజని శాతం కూడా పెరిగింది. థాయ్‌లాండ్ అడవికి కొన్ని నెలల ఎండాకాలం ఉంటుంది కాబట్టి మన చర్చకు అది ఇంకా దగ్గర.

ఆకు రాల్చే చెట్ల విషయంలో మరొక సంకేతం ఉంది. ఆకు పండేటప్పుడు అందులోని నత్రజని, భాస్వరాలలో సగానికి పైగా చెట్టు వెనక్కి లాక్కుని కొమ్మల్లో, వేర్లలో దాచుకుంటుంది. నత్రజని మిగులుగా దొరికే చోట ఈ పొదుపు తగ్గుతుంది, రాలిన ఆకులో ఎక్కువ నత్రజని ఉంటుంది. పచ్చాకు, రాలిన ఆకు రెండూ సేకరించి ల్యాబ్‌కు పంపితే ఆ అడవిలో నత్రజని ఇంకా కరువా, అప్పుడే మిగులా అన్నది అంచనా వేయచ్చు.

#22 తొలకరి

అయితే మేమే చిన్నగా కొలిచి చూడచ్చా? పొలాలను ఆనుకున్న పొడి అడవి అంచు ఒకటి అందుబాటులో ఉంది, అనుమతి కూడా దొరుకుతుంది. ఏం కొలవాలి, ఎలా కొలవాలి?

#23 వేరుమూలం

తప్పకుండా కొలవండి. అంచు నుంచి లోపలికి ఒక గీత అనుకుని 50, 200, 500, 1000 మీటర్ల దగ్గర మడులు పెట్టండి. అమ్మోనియా ప్రభావం ఉంటే దగ్గరి మడులకూ దూరపు మడులకూ తేడా రావాలి. ఒకే గీత చాలదు, అంచులో వెలుతురు, గాలి, పశువుల మేత కూడా ఎక్కువ. ఎరువు వాడని పక్క భూమి ఉన్న మరో అంచున కూడా ఇలాగే గీత వేస్తే ఆ గందరగోళం కొంత విడిపోతుంది.

చెట్టుకు 1.3 మీటర్ల ఎత్తులో స్ప్రింగు ఉన్న లోహపు పట్టీ వేయండి, డెండ్రోమీటర్ బ్యాండ్ అంటారు. పట్టీ కాండానికి సర్దుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి మొదటి సీజన్ అంకెలను విడిగా ఉంచండి. పొడి అడవిలో ఒక చిక్కు ఉంది. ఎండాకాలం కాండం నీరు కోల్పోయి కుంచించుకుంటుంది, తొలివానకు మళ్లీ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పెరుగుదల కాదు. అందుకే ప్రతి ఏడూ వానాకాలం చివర, కాండం నిండుగా ఉన్నప్పుడే చదివి, ఆ అంకెలనే ఏడాదికి ఏడాది పోల్చండి. ఒక వానమాపకం తప్పనిసరి. వాన లెక్క లేకపోతే మీ నత్రజని లెక్కకు అర్థం ఉండదు.

#24 మధుమతి

పట్టికలో చెట్టు పేరు పక్కన బుడిపెలు వచ్చే జాతా కాదా అని ఒక గడి పెట్టండి. చెట్ల బెరడు మీద పొలుసుల్లా అంటుకుని పెరిగే లైకెన్లను కూడా ఫొటో తీయండి. అమ్మోనియాకు అవి చెట్లకన్నా చాలా ముందు స్పందిస్తాయి, సున్నితమైన రకాలు మాయమై నత్రజని ఇష్టపడేవి వస్తాయి.

#25 తొలకరి

అందరికీ కృతజ్ఞతలు. ఈ వానాకాలం మొదలయ్యేలోపు మడులు గుర్తించేస్తాం. కొండగాలి గారూ, గడ్డిని ఎలా కొలవాలో కూడా చెప్పండి.

#26 కొండగాలి

ఒక్కో మడిలో మీటరు చదరం చట్రం నాలుగైదు చోట్ల వేసి, వాన ఆగిన కొత్తలో లోపలి గడ్డి మొదలంటా కోసి, నీడన ఆరబెట్టి తూయండి. ఆరాక తూకం మారకుండా నిలిచిన అంకెనే రాసుకోండి. అదే చట్రాల పక్కన, కోయని చోట, మోకాలి ఎత్తు లోపు ఉన్న చెట్టు మొలకలకు రంగు దారాలు కట్టి, వేసవి ముగిసేసరికి ఎన్ని బతికాయో చూడండి. మొదటి ఏడాది అంకెలు వచ్చాక ఇక్కడే పెట్టండి, మాట్లాడుకుందాం.